అడవి బాటపై వాన నీరు

తూర్పు కనుమలలోని గ్రామములకు అడవి బాట మిక్కిలి అవసరము. కాని వాన కురిసినపుడు ఆ బాటయే కాలువగా మారుచున్నది. 4 మీటర్ల వెడల్పు, 1 కిలోమీటరు పొడవు గల బాటపై 1 సెంటీమీటరు వాన పడినచో 40,000 లీటర్ల నీరు చేరును. చక్రముల క్రింద అణగిన నేల దానిని పీల్చుకొనజాలదు. ఆ నీరు బాటను కోసి, మట్టిని గెడ్డలలోనికి, పొలములలోనికి చేర్చును. వేసవిలో మనకు ఆధారమైన కొండ ఊటలకు అందవలసిన నీరు వృథాగా పోవును.

కావున నీటిని కొంచెము కొంచెముగా, పలుచోట్ల అడవిలోనికి మళ్ళింపవలెను. బాటను పల్లపు వైపునకు కొలదిగా వాల్చవలెను. బాటకు అడ్డముగా, కొంత ఏటవాలుగా, వాహనములు దాటగల ఎత్తున మట్టికట్టలు వేయవలెను. వాలు హెచ్చిన చోట అవి దగ్గర దగ్గరగా నుండవలెను. నీరు దిగు చోట రాళ్ళు పరచి, దిగువను వాలుకు అడ్డముగా కందకములు త్రవ్వినచో నీరు ఇంకును. క్రొత్తగా పోసిన మట్టిపై నీటిని వదలరాదు.

2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద, 1 హెక్టారు లోపు అటవీభూమిలో ప్రభుత్వము బాట వేయుటకు గ్రామసభ సిఫారసు అవసరము. ఆ సభలోనే నీటి దారులను గూర్చి అడుగవలసినదిగా సభ్యులకు మేము మనవి చేయుచున్నాము. అటవీ శాఖ అనుమతితో పనులను తొలకరికి ముందే ముగింపుడు. మొదటి వాననాడు బాట వెంట నడచి చూచినచో, మిగిలిన లోపములను నీరే చూపును.