విమాన రెక్కలకు బలం చేకూర్చే కాంపోజిట్ పట్టీలు

విమానపు రెక్క పైపొర పలుచనిది. గాలి ఒత్తిడికి అది ముడుతపడి వంగిపోకుండా లోపలివైపున రెక్క పొడవునా అమర్చే పట్టీలను స్ట్రింగర్లు అంటారు. లోహపు రెక్కలలో వీటిని రివెట్లతో బిగిస్తారు. కార్బన్ పీచు, రెజిన్‌లతో తయారయ్యే కాంపోజిట్ రెక్కలలో పైపొరను, పట్టీలను ఒకే అచ్చులో పేర్చి, ఆటోక్లేవ్‌లో వేడి, పీడనాలతో ఏకఖండంగా గట్టిపరచవచ్చును. దీనివలన రివెట్లు, వాటికై వేసే రంధ్రాలు, బరువు తగ్గుతాయి.

2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్ యుద్ధవిమానానికి బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఈ విధానంలో పలు భాగాలను రూపొందించింది.

అయితే ఒక్క అతుకులో లోపం ఏర్పడినా మొత్తం భాగాన్ని తిరస్కరించవలసి రావచ్చును. అందువలన అల్ట్రాసోనిక్ తరంగాలతో అతుకులను క్షుణ్ణంగా పరీక్షించిన తరువాతనే ఆ భాగాలను విమానానికి అమర్చుతారు.