కాన్పులో గర్భాశయము చేయు పని

కదిరి వైపు గొర్రెలమందలో పిల్ల లేచి నిలువగానే పొదుగు వెదకును. మనుష్యులలో మాత్రము ముర్రుపాలు పారబోయువారు నేటికిని కలరు. నష్టము బిడ్డకే కాదు, తల్లికిని.

కాన్పు సమయమున బిడ్డ తల గర్భాశయ ముఖమును ఒత్తును. ఆ వార్త నరముల ద్వారా మెదడునకు చేరగా, పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. దానితో నొప్పులు హెచ్చును. తల మరింత ఒత్తును. హార్మోను ఇంకను వెలువడును. నొప్పుల నడిమి విరామము వృథా కాదు. బిడ్డకు రక్తము చక్కగా అందునది అప్పుడే.

బిడ్డ పుట్టినను గర్భాశయము పని తీరదు. మాయ ఊడినచోట తెరచుకొన్న రక్తనాళములను దాని కండరములే బిగించి మూయవలెను. బిడ్డ చన్ను కుడిచినపుడు అదే హార్మోను వెలువడి ఇందుకు తోడ్పడును. రక్తస్రావము హెచ్చినచో ఇది చాలదు. వైద్యము తక్షణము కావలెను. అప్పుడిచ్చు ఇంజక్షను సాధారణముగా ఆక్సిటోసినే. 1953లో అమెరికాలో డు విన్యో దానిని ప్రయోగశాలలో తయారుచేసెను.