గడువు దాటిన కారు, చెడిన గేరుబాక్సు



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అట్టి నేను మోటారు యంత్రమును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱకు వింతగా తోచవచ్చును. ఈ విద్య నాకు గురుముఖమున రాలేదు, నష్టముఖమున వచ్చినది. ఒకనాడు జోడెద్దులను కట్టిన కొట్టములలోనే నేడు కార్లు నిలుచుచున్నవి గనుక, నాకు కలిగిన కష్టము మీలో నెవరికైనను కలుగవచ్చునని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

2021వ సంవత్సరము జూన్ 14వ తేదీన, ఉద్యోగవిరమణ కాలమున వచ్చిన సొమ్ములో పదకొండు లక్షల నలువది వేల రూపాయలు వెచ్చించి ఒక కారు కొంటిని. నా యెడమ మోకాలు నొప్పిచే క్లచ్ త్రొక్కుట కష్టమగుటవలన, గేర్లు తమంతట మారునట్టి బండిని ఎన్నుకొంటిని. దానికి మూడేండ్లు గాని, లక్ష కిలోమీటర్లు గాని, ఏది ముందు వచ్చిన అంతవఱకు వారంటీ. 2024వ సంవత్సరము జూలై 6వ తేదీన, ఇంటావిడకు కన్ను చూపించి విజయవాడనుండి తెనాలి వైపు వచ్చుచుండగా, దుగ్గిరాల సమీపమున బండి ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయెను. ఇంజను మ్రోగుచున్నది, చక్రము మాత్రము కదలదు. అప్పటికి తిరిగినది ముప్పది యెనిమిది వేల కిలోమీటర్లు. వారంటీ తీఱి సరిగా ఇరువదిమూడు దినములు.

షోరూమువారు బండిని చూచి, గేరుబాక్సు మొత్తము మార్చవలెననియు, రెండు లక్షల అఱువదియైదు వేలు కాగలవనియు ఎస్టిమేటు చేతికిచ్చిరి. ఆ సొమ్ము నా మనుమరాలి కాలేజీ చదువునకై దాచినది. ఆ కాగితము మడిచి జేబులో పెట్టుకొని ఇల్లు చేరితిని గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ముందు ఈ గేరుబాక్సు అననేమో తెలిసికొందము. మీరు చెరకు గానుగను చూచియుందురు. అందు పండ్లచక్రములు ఒకదానినొకటి త్రిప్పును. ఇరువది పండ్లుగల చిన్న చక్రము అఱువది పండ్లుగల పెద్ద చక్రమును త్రిప్పినచో, చిన్నది మూడు చుట్లు తిరిగినప్పుడు పెద్దది ఒక్క చుట్టు తిరుగును. వేగము తగ్గును, బలము పెరుగును. బరువుతో గట్టెక్కవలెనన్న బలము కావలెను. చదునుబాటను పోవుటకు వేగము కావలెను. ఈ రెంటికిని తగినట్లు చక్రముల జతలను మార్చునదియే గేరుబాక్సు. ఇంజనుకును దానికిని నడుమ నుండి, కావలసినప్పుడు కలిపి, అక్కఱలేనప్పుడు విడదీయునది క్లచ్.

నా బండిలో క్లచ్‌లు రెండు. ఒకటి మొదటి, మూడవ, అయిదవ, ఏడవ గేర్లకు. రెండవది రెండవ, నాలుగవ, ఆఱవ గేర్లకు. ఒక గేరు బండిని లాగుచుండగనే తరువాతి గేరు సిద్ధమైయుండును. అందుచే మార్పు తెలియనంత వేగముగా జరుగును. ఈ పనినంతయు నడపునది నూనె ఒత్తిడిచేతను, విద్యుత్తుచేతను పనిచేయు ఒక నియంత్రణపేటిక. ఈ జాతిలో కొన్నిటి క్లచ్ బిళ్ళలు నూనెలో మునిగియుండును; కొన్నిటివి పొడిబిళ్ళలు. నాది పొడిబిళ్ళల బండి. నగరపు రద్దీలో అంగుళమంగుళము జరుగునప్పుడు ఈ బిళ్ళలు రాచుకొని మిక్కిలి వేడెక్కును. వేడికి అరుగుదల హెచ్చును. బయలుదేరునప్పుడు వణకు, గేరు మారునప్పుడు కుదుపు, వెనుకకు పోవుటకు గేరు వేసినప్పుడు ఆలస్యము, ఎదుట హెచ్చరిక దీపము వెలుగుట, ఇవి రోగమునకు పూర్వరూపములు.

షోరూము మేనేజరు నాతో, "మాస్టారూ, గడువు తీఱిన మూడువారములకు చెడుట కేవలము యాదృచ్ఛికము. మేమేమి చేయగలము?" అనెను. మన శాస్త్రములలో కాకతాళీయన్యాయ మొకటి కలదు. కాకి తాటిచెట్టుపై వ్రాలుటయు, అదే క్షణమున తాటిపండు రాలుటయు జరుగును. ఒకదానికి మఱొకటి కారణము కాదు. నేను చెప్పినది ఇది: "అయ్యా, పండు గడువు తీఱిన పిమ్మట రాలినమాట నిజమే. అది ముగ్గినది మాత్రము గడువు లోపలనే."

ఈ మాట వాదమునకు బాగుగనే యున్నది; ప్రమాణమేది? నైయాయికులు ప్రమాణములు నాలుగనిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. మోటారు వ్యవహారమున శబ్దప్రమాణమనగా వ్రాతయే. 2023వ సంవత్సరము డిసెంబరులో సర్వీసుకు పోయినప్పుడు కుదుపును గూర్చి నోటితో చెప్పితిని. "ట్రాఫిక్కులో అట్లే యుండును" అని పంపివేసిరి. నేనును కాగితము అడుగలేదు. ఆ మాట నీటిమూట అయ్యెను. తరువాత దాని జాడయే లేదు. 2024 ఏప్రిల్‌లో మరల పోయినప్పుడు మాత్రము, "బయలుదేరునప్పుడు కుదుపు, వెనుకగేరు పడుటకు ఆలస్యము" అని జాబ్ కార్డుపై పట్టుపట్టి వ్రాయించితిని. దానిక్రింద వారు "తనిఖీ చేయబడినది, సాధారణము" అని వ్రాసిరి. వారంటీ తీఱుటకు రెండు నెలలు ముందు పుట్టిన ఆ రెండు పంక్తులే నన్ను కాపాడినవి.

ఇట్టి ఆపద వచ్చినప్పుడు చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను.

మొదటిది: బండిని బలవంతముగా నడుపరాదు. ఇట్టి బండిని త్రాడు కట్టి ఈడ్పింపరాదు. చక్రములతోపాటు లోపలి భాగములు తిరిగి మఱింత చెడవచ్చును. బండిని మొత్తముగా ఎక్కించుకొనిపోవు వాహనమును పిలువవలెను. తిరిగిన కిలోమీటర్లను, హెచ్చరిక దీపమును తేదీతో ఫొటో తీసికొనవలెను.

రెండవది: ఏ భాగము చెడినది, ఏల చెడినది, కంప్యూటరు పరీక్షలో ఏ సంకేతములు కనబడినవి, ఇవి వ్రాతమూలముగా ఇమ్మని అడుగవలెను. "మొత్తము మార్చవలెను" అను మాటను వెంటనే అంగీకరింపరాదు. కొన్ని సమయములలో క్లచ్ జత, లేక నియంత్రణపేటిక మార్చిన చాలును. అనుభవముగల బయటి మెకానిక్కు అభిప్రాయము తీసికొనవచ్చును. అయితే కంపెనీవారి పరిశీలన కాగితము చేతికి రాకమునుపు గేరుబాక్సును బయట విప్పించితిమా, "మీరే పాడుచేసితిరి" అను నింద మనపై పడును. మరమ్మతైన పిమ్మట పాతభాగములను చూపుమని అడుగుట మఱువరాదు.

మూడవది: కొనుగోలు బిల్లు, వారంటీ పుస్తకము, సర్వీసు బిల్లులు, జాబ్ కార్డులు ఒకచోట చేర్చి, షోరూముకును తయారుచేసిన కంపెనీకిని ఉత్తరము వ్రాయవలెను. అందు దూషణ వలదు. తేదీలు, కిలోమీటర్లు, ముందు చేసిన ఫిర్యాదు, కోరునది, ఇవి అంకెలు వేసి వ్రాసిన చాలును. గడువు దాటినను, సర్వీసులు సక్రమముగా చేయించిన బండికి కంపెనీలు సౌహార్దముగా వ్యయములో కొంత భరించుట కలదు. అది అడిగినవారికే దొరకును. ఉత్తరము స్పీడు పోస్టులో పంపి రసీదు దాచవలెను.

నాలుగవది: ప్రత్యుత్తరము రానిచో 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. అది కేంద్ర ప్రభుత్వమువారి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము. వారు తీర్పు చెప్పరు. మన ఫిర్యాదును కంపెనీకి చేర్చి సమాధానము రాబట్ట యత్నింతురు.

ఐదవది: అప్పటికిని న్యాయము జరుగనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. బండి ఎచ్చట కొన్నను, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయుట కిది వీలు కల్పించినది. చెల్లించిన వెల యాబది లక్షలకు మించనివి జిల్లా కమిషనునకు చెందును. వెల అయిదు లక్షలవఱకు రుసుము లేదు. పది లక్షలవఱకు రెండువందలు. ఇరువది లక్షలవఱకు నాలుగువందలు మాత్రమే. వకీలు తప్పనిసరి కాదు. వివాదకారణము పుట్టిన నాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు వేయవలెను. లాభవ్యాపారమునకై కొన్న బండ్లకు ఈ మార్గము లేదు. స్వయముగా నడుపుకొని పొట్టపోసికొనువానికి మాత్రము కలదు.

ఒక హెచ్చరిక. కమిషను మెట్లెక్కిన ప్రతివాడును గెలువడు. దోషము తయారీలోనే యున్నదని చూపు భారము సాధారణముగా మనపై నుండును. దానికి నిపుణుని నివేదిక కావలసివచ్చును. సర్వీసులు ఎగగొట్టిన బండికిని, వాడుకచే సహజముగా అరిగిన బిళ్ళకును ఎవరును బాధ్యులు కారు. మన తప్పును ఇతరులపై మోపుట ధర్మము కాదు.

నా కథ ముగింపు చెప్పెదను. నా మొదటి ఉత్తరమునకు "గడువు తీఱినది" అని ఒక్క వాక్యము జవాబుగా వచ్చెను. జాబ్ కార్డు నకలు జతచేసి రెండవది వ్రాసితిని. 1915లో ఫిర్యాదు నమోదు చేయించితిని. నలువదియొక్క దినములకు కంపెనీ పరీక్షకుడు వచ్చి బాక్సును విప్పించెను. చెడినది నియంత్రణపేటికయు, క్లచ్ జతయు. పండ్లచక్రములన్నియు చక్కగా నున్నవి. భాగముల వెల కంపెనీ భరించినది. కూలి, నూనె కలిపి నేను ముప్పదియొక్క వేలు చెల్లించితిని. డిసెంబరులో కూడ వ్రాయించియుండినచో అదియు తప్పెడిదేమో! మనుమరాలి సొమ్ములో లోటుపడిన ఆ మొత్తమును నా పింఛనునుండి నెలనెలకు పూడ్చుచున్నాను.

కావున మీ యింట కారున్నచో, నేటి రాత్రియే వారంటీ పుస్తకము తీసి, తీఱు తేదీని గోడ క్యాలెండరుపై వ్రాయుడు. దానికి నెలముందు బండిని చూపించి, ఎంత చిన్న శబ్దమైనను, కుదుపైనను జాబ్ కార్డుపై ఎక్కింపుడు, నకలు తెచ్చుకొనుడు. అదనపు వారంటీ కొనదలచినవారు, సాధారణముగా మొదటిది తీఱకమునుపే కొనవలెనని యెఱుగుడు.

బడిలో నేను పిల్లలతో "నోటికి వచ్చినది చాలదు, పలకమీద పెట్టుము" అని నిత్యము చెప్పెడివాడను. ఆ పాఠము వృద్ధాప్యమున ఒక మోటారుబండి నాకు తిరిగి చెప్పినది. సెలవు.