ప్రాసెసర్ వేడికి దారి ఇద్దాం

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల కప్పు కింద ఒక డీటీపీ సెంటర్ అనుకుందాం. పొద్దున పదింటికి చకచకా పనిచేసిన కంప్యూటర్ ఇప్పుడు ఒక్క పేజీ తెరవడానికే ఆయాసపడుతోంది. లోపలి ఫ్యాను హోరెత్తుతోంది. కాసేపటికి మిషను దానంతటదే ఆగిపోతుంది. "వైరస్ వచ్చినట్టుంది, ఫార్మాట్ కొట్టించాలి" అంటాడు ఆపరేటర్. ఫార్మాట్ కొట్టిస్తారు, డబ్బులు కడతారు. మర్నాడు ఎండెక్కేసరికి మళ్లీ అదే తంతు.

వైరస్‌కి పొద్దున, మధ్యాహ్నం అనే తేడా ఉండదు. ఎండతోపాటు ముదిరి, సాయంత్రానికి తగ్గే జబ్బు చాలాసార్లు వేడి జబ్బే. దీన్ని పట్టుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక్క సంగతి గుర్తుంటే చాలు: ప్రాసెసర్‌కి మనం బయటినుంచి చలవ తెచ్చి పెట్టం, అందులో పుట్టిన వేడి బయటికి పోయే దారిని తెరిచి ఉంచుతాం. ఆ దారి చిప్పు దగ్గర మొదలై గది కిటికీ దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఎక్కడ పూడుకుపోయినా వేడి వెనక్కి తన్ని చిప్పు మీదే పడుతుంది.

వేడి ఎందుకు పుడుతుంది?

బల్ల కింద ఉండే పెట్టె మొత్తాన్ని మనం సీపీయూ అనేస్తాం. అసలు సీపీయూ, అంటే ప్రాసెసర్, ఆ పెట్టెలో మదర్‌బోర్డు మీద సుమారు అగ్గిపెట్టెంత జాగాలో ఉంటుంది. పైన కనిపించే లోహపు మూత తీస్తే, పని చేసే సిలికాన్ ముక్క వేలి గోరంతే. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వందల కోట్లు ఉంటాయి. అవి సెకనుకు కోట్లసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. అలా మారిన ప్రతిసారీ కాస్త కరెంటు ఖర్చవుతుంది, ఆ కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే తేలుతుంది.

ఆఫీసు పనికి వాడే మామూలు ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది. ఒక పాతకాలపు గుండు బల్బు అంత, ఇందులో భయపడేది ఏముంది అనిపిస్తుంది. చిక్కంతా అది పుట్టే జాగాతోనే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు సుమారు 160 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరుకు ఆరు వాట్లు పడతాయి. ప్రాసెసర్‌లో 65 వాట్లు రెండు చదరపు సెంటీమీటర్లలో పుడితే, ఒక్కోదానికి ముప్పై పైమాటే. ఇస్త్రీపెట్టెకు ఐదింతలు! ఇక 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె లాంటివి పూర్తి జోరులో 253 వాట్ల దాకా లాగుతాయి.

1990ల మొదట్లో చాలా 486 ప్రాసెసర్లు ఫ్యాను లేకుండానే నడిచాయి. ఆ తర్వాత వేగం పెరిగిన కొద్దీ వేడీ పెరిగింది. 2004లో ఇంటెల్ తన టేజస్ ప్రాసెసర్‌ని విడుదల చేయకుండానే వదిలేసింది. ఒకే కోర్‌ని, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాన్ని, ఇంకా ఇంకా వేగంగా పరిగెత్తించడం మాని, రెండు, నాలుగు కోర్లకు పని పంచే దారి పట్టింది. ఆ మలుపు వెనక ఉన్న ముఖ్య కారణాల్లో వేడి ఒకటి.

ఈ రోజుల్లో వేడికి ప్రాసెసర్ కాలిపోవడం అరుదు. తన ఉష్ణోగ్రతను తానే చూసుకుంటూ, హద్దు దగ్గరికి రాగానే వేగం తగ్గించుకుంటుంది. ఇటీవలి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు, ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 7000 వరుసలో ఎక్కువవాటికి 95 డిగ్రీలు. అప్పటికీ వేడి పెరుగుతూనే ఉంటే మిషను ఆగిపోతుంది. అంటే మన డీటీపీ సెంటర్ కంప్యూటర్ మొరాయించలేదు, తనను తాను కాపాడుకుంది.

దారిలో మజిలీలు

వేడి దాటవలసిన మొదటి మజిలీ థర్మల్ పేస్ట్. ప్రాసెసర్ మూత, దాని మీద కూర్చునే హీట్ సింక్ అడుగు కంటికి నున్నగానే కనిపిస్తాయి గాని, రెంటి మీదా సన్నని గరుకు ఉంటుంది. ఆ సందుల్లో గాలి చిక్కుకుంటుంది. రాగి మోసే వేడిలో గాలి పదిహేను వేలవంతు కూడా మోయలేదు. ఆ గాలిని తరిమి సందులు పూడ్చడమే పేస్ట్ పని. అయితే పేస్ట్ కూడా రాగి ముందు చాలా వెనకబడ్డదే. అందుకే మందంగా పూస్తే మేలు బదులు అడ్డమవుతుంది. మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు, హీట్ సింక్ బిగింపుకి అదే పరుచుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పేస్ట్ ఎండిపోతుంది.

రెండో మజిలీ హీట్ సింక్. హీట్ సింక్, ఫ్యాను కలిసినదాన్నే కూలర్ అంటారు. మంచి కూలర్లలో రాగి గొట్టాలు వంపు తిరిగి కనిపిస్తాయి, వాటినే హీట్ పైపులంటారు. లోపల కాసిని నీళ్లు, గాలి తీసేసిన ఖాళీ, గోడలకు ఒత్తివంటి పొర ఉంటాయి. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు కొద్దిపాటి వేడికే ఆవిరవుతాయి. ఆ ఆవిరి వేడిని మోసుకుని పైకొసకు పోయి, అక్కడ చల్లబడి మళ్లీ నీరై, ఒత్తి వెంట కిందికి వస్తుంది. మట్టికుండ మీద చెమ్మ ఆరుతూ నీళ్లను చల్లబరుస్తుందే, అదే సూత్రం. తేడా ఏమిటంటే కుండ తన చెమ్మను గాలికి వదిలేస్తుంది, హీట్ పైపు ఒక్క బొట్టు కూడా పోనివ్వదు.

గొట్టాల పైకొస పల్చటి అల్యూమినియం రెక్కల్లోంచి పోతుంది. వేడి టీని గ్లాసులోనే ఉంచితే ఆలస్యంగా, సాసరులో పోస్తే తొందరగా చల్లారుతుంది కదా! గాలికి తగిలే జాగా పెరిగితే వేడి తొందరగా వదులుతుంది, రెక్కలు చేసే పని అదే. ఆ వేడిని ఊడ్చుకుపోయేది ఫ్యాను.

మూడో మజిలీ క్యాబినెట్. చల్లగాలి ముందు నుంచి లోపలికి రావాలి, వేడిగాలి వెనక నుంచి, పైనుంచి బయటికి పోవాలి. ఎన్ని ఫ్యాన్లు ఉన్నా అన్నీ ఒకే వైపు ఊదకపోతే లోపల గాలి తిరుగుతుందే తప్ప పోదు. మన ఆఫీసుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కంప్యూటర్‌ని చెక్కబల్ల అరలో పెట్టి తలుపు మూసేస్తారు, లేదా వెనుకభాగం గోడకు ఆనిస్తారు. అప్పుడు అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది.

చివరి మజిలీ గది

చాలామంది మరిచేది దీన్నే. కూలర్ ఎంత ఖరీదైనదైనా ప్రాసెసర్‌ని గది గాలికన్నా చల్లగా చేయలేదు. పని బరువు, ఫ్యాను వేగం మారకపోతే ప్రాసెసర్‌కీ గదికీ మధ్య తేడా దాదాపు మారదు. ఆ తేడా 45 డిగ్రీలనుకుందాం. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే ప్రాసెసర్ 70 దగ్గర ఉంటుంది. రేకుల కింద 43 ఉంటే 88కి చేరుతుంది. రెక్కల్లో దుమ్ము పేరుకుని తేడా 60కి పెరిగితే, ఏసీ గదిలో 85తో ఎలాగో నెట్టుకొస్తుంది. రేకుల కింద మాత్రం లెక్క 103 దగ్గర తేలుతుంది, అంటే హద్దు దాటినట్టే. చలికాలమంతా కనిపించని దుమ్ము మే నెలలో బయటపడేది ఇందుకే.

నీటి కూలర్‌కి కూడా ఈ నియమం తప్పదు. అందులో ఒక పంపు నీళ్లను తిప్పి వేడిని పెద్ద రేడియేటర్‌కి చేరుస్తుంది, అక్కడి నుంచి మళ్లీ గది గాలిలోకే. 200 వాట్లు దాటే ప్రాసెసర్‌తో గంటల తరబడి వీడియో పని చేసేవారికి అది పనికొస్తుంది. 65 వాట్ల మిషనుకి మంచి గాలి కూలరే చాలు.

మనం చేయగలిగింది

ముందు కొలవండి. కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు తెరవగలిగే బయోస్ సెట్టింగుల్లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. పని చేస్తుండగా చూడాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ వంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. బరువైన పనిలో 70, 80 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఏ పనీ లేనప్పుడే 70 చూపిస్తే, లేదా 65 వాట్ల ప్రాసెసర్ పని మొదలుపెట్టిన క్షణాల్లోనే 95కి ఎగబాకితే దారి ఎక్కడో మూసుకుపోయిందని అర్థం.

తర్వాత దుమ్ము. ప్లగ్ పూర్తిగా పీకేసి, పెట్టెను ఆరుబయటికి తెచ్చి బ్లోయర్‌తో, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని ఊదండి, లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. అసలు దుమ్ము ఫ్యాను మీద కాదు, దాని కింద హీట్ సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పట్టి ఉంటుంది. నోటితో ఊదకండి, తుంపర్లు పడతాయి.

దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే పేస్ట్ మార్చాలి. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టాలి. ఏఎమ్4 సాకెట్ రైజెన్ అయితే ముందు కాసేపు నడిపి, ఆపి, ప్లగ్ పీకి, వెచ్చగా ఉన్నప్పుడే హీట్ సింక్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ దానికి అంటుకుని సాకెట్‌లోంచి ఊడి, పిన్నులు వంగే ప్రమాదం ఉంది. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే కూలర్ అయితే నాలుగు ప్లాస్టిక్ పిన్నులూ పూర్తిగా దిగాయో లేదో చూడండి. ఒక్కటి వదులైనా ఒక మూల పైకి లేస్తుంది. కొత్త కూలర్ బిగించేటప్పుడు అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీయడం మరవకండి.

వేడిని పుట్టే చోటే తగ్గించే ఉపాయం కూడా ఉంది. ప్రాసెసర్ వాడే కరెంటు వోల్టేజీ వర్గంతో ముడిపడి ఉంటుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే ఆ ఖర్చు సుమారు 19 శాతం తగ్గుతుంది. అందుకే చాలా రైజెన్ బోర్డుల్లో ఉండే ఎకో మోడ్ కొద్దిపాటి వేగం, దాంతోపాటు వోల్టేజీ తగ్గించి వేడిని బాగా తగ్గిస్తుంది.

ఎయిర్ కూలర్ చెమ్మగాలిని నేరుగా పెట్టె మీదికి తిప్పకండి, తడికి దుమ్ము గట్టిపడి అంటుకుపోతుంది. పక్క డోరు విప్పి టేబుల్ ఫ్యాను పెట్టడం ఒక పూట గడవడానికి సరే, నెలల తరబడి అలాగే ఉంచితే అదే దుమ్మును పిలిచి తెస్తుంది.

ఏటా ఉగాదికి ఇల్లు దులుపుకుంటాం. ఆ రోజుల్లోనే ఒక గంట కంప్యూటర్‌కి కేటాయించండి. దుమ్ము దులపండి, అరలోంచి బయటికి తీసి వెనక జానెడు జాగా వదలండి. ఎండలు ముదిరాక మిషను నెమ్మదిస్తే, ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్కసారి ఉష్ణోగ్రత చూడండి.