మెరిస్తే చావే: దోమ లార్వాలకు పట్టే వైరస్

దోమ లార్వాలకూ మరికొన్ని కీటకాలకూ సోకే వైరస్‌ల ప్రజాతి క్లోరిరిడోవైరస్. ఇరిడోవిరిడే కుటుంబానికి చెందింది. జబ్బు ముదిరిన లార్వాను పోల్చుకోవడానికి సూక్ష్మదర్శిని అక్కర్లేదు. వెలుతురులో పెడితే చర్మం కింద నారింజ రంగో, నీలి ఆకుపచ్చో తళుక్కుమంటుంది.

తమాషా ఏమిటంటే ఈ వైరస్‌లో రంగు పదార్థమేదీ లేదు. ఒక్కో రేణువుకు ఇరవై ముఖాలు, వెడల్పు సుమారు 180 నానోమీటర్ల దాకా. ఇవి లార్వా కొవ్వు కణాల్లో గుట్టలుగా పుట్టి, వరుసలు తీరి, స్ఫటికంలా పేరుకుంటాయి. వరుసల మధ్య ఎడాన్ని బట్టి వెలుతురులో కొన్ని రంగులే గట్టిగా వెనక్కి తిరుగుతాయి. నెమలి ఈకకు రంగులు వచ్చేదీ ఇలాగే.

ఇలా మెరిసే వైరస్‌లలో మొదటిది 1954లో ఇంగ్లండులో, టిప్యులా అనే పొడుగుకాళ్ల ఈగ లార్వాల్లో బయటపడింది. అది ఇరిడోవైరస్ అనే పక్క ప్రజాతిది. క్లోరిరిడోవైరస్‌లలో బాగా తెలిసినది అమెరికా ఉప్పునీటి మడుగుల్లో పెరిగే ఏడిస్ టీనియోరింకస్ దోమది. ఆ వైరస్ డీఎన్ఏను 2006లో పూర్తిగా చదివారు: సుమారు 1,90,000 బేస్ జతలు, 126 జన్యువులు. రేణువు పెద్దదైతే క్లోరిరిడోవైరస్, చిన్నదైతే ఇరిడోవైరస్ అని ఒకప్పుడు గీత గీసేవారు. జన్యువులు పోల్చి చూశాక ఆ కొలత నిలవలేదు. నల్ల ఈగల్లో, కొన్ని చిమ్మటల్లో దొరికిన చిన్న రేణువుల వైరస్‌లూ క్లోరిరిడోవైరస్ ప్రజాతిలోకే వచ్చి చేరాయి.

వ్యాప్తి తీరు కాస్త గగుర్పాటు కలిగిస్తుంది. చచ్చిన లార్వాను తోటి లార్వాలు కొరుక్కు తింటాయి, వైరస్ వాటి కడుపులోకి పోతుంది. చిన్న వయసులో సోకితే చాలావరకు నాలుగో దశలో, ప్యూపా కాకముందే చస్తాయి. ఆలస్యంగా సోకిన ఆడది మాత్రం బతికి దోమై, గుడ్ల ద్వారా పిల్లలకు అంటిస్తుంది. ఆ పిల్లలు చస్తే మళ్లీ అదే విందు.

ఇంత ప్రాణాంతకమైనదాన్ని దోమల మందుగా వాడొచ్చుగా అనిపిస్తుంది. శాస్త్రవేత్తలూ ఆశపడ్డారు. కానీ వైరస్ కలిపిన నీళ్లలో పెంచినా కొద్ది లార్వాలకే జబ్బు పట్టింది. పైగా దీన్ని బతికున్న కణాల్లోనే పెంచాలి. అందుకే ఆ పని బి.టి.ఐ. బాక్టీరియా మందుకే దక్కింది.

మడుగుల్లోనూ రంగు తేలిన లార్వాలు సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండవు. అలాగని వైరస్ అంత అరుదనుకోకూడదు. వేల్స్‌లోని ఒక నదిలో నల్ల ఈగల లార్వాలను 1990లలో పరీక్షిస్తే, పైకి ఏ మెరుపూ లేని వాటిలోనూ వైరస్ డీఎన్ఏ దొరికింది.