కళాభవన్ మణి: ఏ పాత్ర ఎవరికి?

సినిమా నటుల జీవితాలు రాసే పద్ధతి ఒకటి మనకు బాగా అలవాటైపోయింది. పుట్టిన ఊరు, పడ్డ కష్టాలు, మొదటి ఛాన్సు, అవార్డులు, చివర్లో అభిమానుల కన్నీళ్లు. కళాభవన్ మణికి ఈ చొక్కా మరీ సులువుగా తొడిగేశారు. ఆటో నడుపుకునేవాడు స్టారయ్యాడు, అంతే కథ. 2016లో ఆయన చనిపోయినప్పుడు వచ్చిన నివాళులు చాలావరకు ఈ దారినే నడిచాయి. ఆ మైలురాళ్లను మేం కాదనడం లేదు. కాకపోతే ఒక్కో రాయి దగ్గర ఆగి ఒక ప్రశ్న అడగాలంటున్నాం. ఇక్కడ ఈయనకు ఏ పాత్ర ఇచ్చారు? ఆ పాత్రే ఎందుకిచ్చారు?

ఈ ప్రశ్న మలయాళ సినిమాకు కొత్తది కాదు, ఆ సినిమా పుట్టుకతోనే పుట్టింది. అక్కడి తొలి సినిమా 'విగతకుమారన్'. తీసినవాడు జె.సి. డేనియల్. అందులో నాయకి పి.కె. రోజీ, దళిత స్త్రీ. ఆమె వేసింది నాయర్ పడుచు వేషం. తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో బొమ్మ పడ్డప్పుడు అగ్రవర్ణ ప్రేక్షకులు గొడవకు దిగారు, రాళ్లు రువ్వారు. రోజీ ఊరు విడిచి తమిళదేశం వైపు పారిపోవలసి వచ్చింది. మళ్లీ తెరమీద కనిపించలేదు. ఆ తర్వాత 1954లో 'నీలక్కుయిల్' వచ్చింది. రామూ కరియాట్, పి. భాస్కరన్ తీసిన ఈ సినిమా అంటరాని పడుచు నీలి కథ చెప్పింది, రాష్ట్రపతి రజత పతకం తెచ్చుకుంది. నీలి వేషం వేసిన మిస్ కుమారి దళితురాలు కాదు. మన 'మాలపిల్ల' (1938)లో మాలపిల్లగా కాంచనమాల కనిపించిందని గుర్తు చేసుకుంటే ఇదేమంత వింత సంగతి కాదులెండి. పైకులపు పాత్ర దళితురాలు వేస్తే రాళ్లు, దళిత పాత్ర పైకులపువాళ్లు వేస్తే పతకాలు. తెరమీద ఈ లెక్క చాలాకాలం నడిచింది. మణి ఈ లెక్క నడుస్తుండగా వచ్చినవాడు.

ఆయన 1971 జనవరి 1న త్రిశూర్ జిల్లా చాలకుడిలో ఒక దళిత కూలి కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటి ఆకలి గురించి తర్వాతి రోజుల్లో స్టేజీలమీద, ఇంటర్వ్యూలలో దాపరికం లేకుండా మాట్లాడేవాడు. చేతికందిన పనల్లా చేశాడు, ఆటో నడిపాడు. ఇక్కడ మిమిక్రీ గురించి కొంచెం చెప్పుకోవాలి. కథాకళికో, మోహినియాట్టానికో గురువుండాలి, ఏళ్ల తరబడి శిక్షణ ఉండాలి, లోపలికి రానిచ్చే గడప ఉండాలి. మిమిక్రీకి ఇవేవీ అక్కర్లేదు. గొంతొకటి ఉంటే చాలు. పక్షి, జంతువు, మోటారు బండి, పెద్ద నటుడు, రాజకీయ నాయకుడు ఎవరైనా సరే గొంతులో దిగిపోతారు. ఫాదర్ ఏబెల్ 1969లో మొదలుపెట్టిన కొచ్చిన్ కళాభవన్ 1981లో 'మిమిక్స్ పరేడ్' అనే ప్రదర్శన పెట్టింది. ఆ తర్వాత కేరళలో చర్చి పండగలకూ, గుడి ఉత్సవాలకూ మిమిక్రీ లేకుండా పొద్దుపోని స్థితి వచ్చింది. పేదపిల్లలకు అదొక కొత్త తలుపు. మణి ఆ తలుపులోంచి వచ్చాడు. కళాభవన్ అన్నది ఆయనకు ఇంటిపేరులా అతుక్కుపోయింది.

ఆ తలుపు అందరికీ ఒకే గదిలోకి తెరుచుకోలేదు. అదే కళాభవన్ నుంచి వచ్చిన జయరాం 1988లో పద్మరాజన్ తీసిన 'అపరన్'లో మొదటి అడుగులోనే కథానాయకుడు. మణి 1995లో సిబి మలయిల్ తీసిన 'అక్షరం'తో తెరమీదికొచ్చాడు. వేసింది ఆటో డ్రైవర్ వేషం. బయట ఏ పని చేశాడో తెరమీదా అదే పని ఇచ్చారు. జయరాం ప్రతిభను మేం తక్కువ చేయడం లేదు. తెర ఎవర్ని చూసి 'హీరో' అనుకుంటుందో, ఎవర్ని చూసి 'ఆటో' అనుకుంటుందో గమనించమంటున్నాం.

మరుసటేడు 1996లో 'సల్లాపం' వచ్చింది. లోహితదాస్ రచన, సుందర్‌దాస్ దర్శకత్వం. అందులో కల్లుగీసే రాజప్పన్‌గా మణిని జనం గుర్తుపట్టారు. కేరళ అంతా ఆయన పేరు తెలిసింది ఆ వేషంతోనే. ఆ తర్వాత వరసగా చిన్న వేషాలు, నవ్వు వేషాలు. గొంతు చించుకుని నవ్వే ఆ విచిత్రమైన నవ్వు ఆయన గుర్తుగా మారింది. మిమిక్రీ కుర్రాళ్లు ఇప్పుడు ఆయన్నే అనుకరించే పరిస్థితి. ఈ దశను చాలామంది 'హాస్యనటుడి దశ' అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మాకైతే ఇందులో ఒక పద్ధతి కనిపిస్తుంది. నల్లటి ఒళ్లు, కూలి పని, పెద్ద గొంతు. ఈ మూడూ కలిస్తే నవ్వు పుట్టాలని అప్పటి సినిమా నిర్ణయించేసుకుంది.

1999 దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. వినయన్ దర్శకత్వంలో 'వాసంతియుం లక్ష్మియుం పిన్నె ఞానుం' ఆ ఏడాదే వచ్చింది. మణి అంధ గాయకుడు రాము. నవ్వులన్నీ పక్కనపెట్టి, కనుగుడ్లు పైకి తిప్పి, మెడ వంచి, ఒళ్లంతా చెవిగా చేసుకుని నటించాడు. సినిమా బాగా ఆడింది. రాష్ట్ర ఉత్తమ నటుడి అవార్డు తనకే వస్తుందని ఆయన నమ్మాడు. రాలేదు. ఆ మాట విని స్పృహ తప్పిపోయాడని వార్తలొచ్చాయి, దానిమీద చాలాకాలం జోకులు కూడా నడిచాయి. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక జ్యూరీ అవార్డిచ్చింది, జాతీయ స్థాయిలో ప్రత్యేక ప్రస్తావన దక్కింది. అంటే 'నువ్వు బాగా చేశావు, కానీ' అన్నట్టు.

ఆ ఏడాది రెండు చోట్లా ఉత్తమ నటుడు మోహన్‌లాల్, సినిమా 'వానప్రస్థం'. అది గొప్ప నటనే, అందులో మాకు పేచీ లేదు. అయితే ఆ సినిమాలో ఆయన వేసిన కుంజికుట్టన్ ఎవరు? కింది కులపు కథాకళి కళాకారుడు, పుట్టుక కారణంగా జీవితమంతా నలిగినవాడు. కింది కులపు కళాకారుడి బాధను పేరున్న పెద్ద నటుడు అభినయిస్తే దేశమంతా ఉత్తమం అంది. అదే ఏడాది ఒక దళిత కళాకారుడు మరో పేద కళాకారుడి బాధను అభినయిస్తే 'ప్రత్యేకం' అంది. ఉత్తమానికీ ప్రత్యేకానికీ మధ్య ఉన్న జాగా ఎంతో రిజర్వేషన్ల గురించీ, 'మెరిట్' గురించీ కొట్లాడిన మన విద్యార్థులకు వేరే చెప్పనక్కర్లేదు. జ్యూరీవాళ్లు కులం చూసి నిర్ణయించారని మేం అనడం లేదు, అలా అనడానికి రుజువు లేదు. కులం అలా రుజువులు వదిలిపెట్టి పనిచేసే వస్తువూ కాదు. 'గొప్ప నటన' అంటే ఎలా ఉండాలో కళ్లు ముందే నేర్చుకుని ఉంటాయి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే ఉంది. మణి స్వయంగా గాయకుడు, కేరళ అంతా క్యాసెట్లలో విన్న గొంతు. వేసింది గాయకుడి పాత్ర. ఆ సినిమాలో బాగా పేరొచ్చిన కృష్ణుడి పాట మాత్రం యేసుదాసు గొంతులో ఉంది. యేసుదాసు పాడితే తప్పని ఎవరంటారు? కానీ పాడేవాడి ఒళ్లు తెరమీదికి రావచ్చు, వాడి గొంతు రాకూడదు అన్నట్టు లేదూ ఇది! ఈ కథే తర్వాత ఇరుగుపొరుగు భాషలకు పోయింది. తమిళంలో 'కాశి' (2001)గా విక్రం వేసి ఫిల్మ్‌ఫేర్ అవార్డు తీసుకున్నాడు. తెలుగులో 2004లో 'శీను వాసంతి లక్ష్మి'గా సంగీత దర్శకుడు ఆర్.పి. పట్నాయక్ వేశాడు. ఆ సినిమా చూసిన తెలుగువాళ్లలో ఎంతమందికి ఆ పాత్ర మొదట ఎవరిదో తెలుసు?

ఆ విజయం తర్వాత మణికి కథానాయక పాత్రలొచ్చాయి. ఎలాంటివి? మళ్లీ వినయన్‌తోనే 2001లో 'కరుమాడికుట్టన్', అందులో బుద్ధి ఎదగని అమాయకుడు. ఒకసారి కళ్లు లేవు, ఒకసారి బుద్ధి లేదు. హీరో కావాలంటే ఆయన దగ్గర ఏదో ఒకటి తగ్గి ఉండాలి. ప్రేక్షకుడు జాలిపడ్డానికి వీలుండాలి. సమానుడిగా నిలబడి ప్రేమించడం, కోప్పడడం, గెలవడం ఆ పాత్రలకు రాసిపెట్టలేదు. దీనికి ఎదురు నిలిచే సినిమా అదే ఏడాది ఒకటుంది, 'ది గార్డ్'. మొత్తం సినిమాకు ఒకే ఒక్క నటుడు మణి, అడవిలో ఒంటరి గార్డు. పక్కన ఎవరూ లేకుండా, పాత్రల మధ్య పై మెట్టూ కింద మెట్టూ లేకుండా తెరంతా ఆయనే. నివాళుల్లో ఈ సినిమా పేరు పెద్దగా కనిపించదు. మా దృష్టిలో ఆయన మైలురాళ్లలో ఇది ముందు వరసలోది.

తెలుగువాళ్లం మణిని పట్టించుకున్నది 2002లో. ఏ.వి.ఎం. వారి 'జెమిని'ని శరణ్ ముందు తమిళంలో విక్రంతో, వెంటనే తెలుగులో వెంకటేష్‌తో తీశాడు. రెండింటిలోనూ ప్రతినాయకుడు మణి. పాములా, జంతువుల్లా మారిపోయి భయపెట్టే ఆ నటన వెనక ఉన్నది పాత కళాభవన్ మిమిక్రీయే. తమిళ 'జెమిని'కి ఉత్తమ విలన్‌గా ఫిల్మ్‌ఫేర్ అవార్డొచ్చింది. సొంత రాష్ట్రంలో జాలిపడదగ్గ నల్లవాడు, పొరుగు రాష్ట్రాలలో భయపడదగ్గ నల్లవాడు. రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. అలాగని ఎప్పుడూ ఇంతే జరిగిందని చెప్పడం సరికాదు. 2005లో 'బెన్ జాన్సన్'లో పోలీసాఫీసరుగా మాస్ హీరో అయ్యాడు. 'లోకనాథన్ ఐ.ఎ.ఎస్.'లో కలెక్టరు స్థాయికీ ఎక్కాడు. ఆ ఐ.ఎ.ఎస్. కూడా ఆటో డ్రైవరుగానే మొదలవ్వాలనుకోండి! పదేళ్లు గడిచినా ఆటో వదల్లేదు. చివరి రోజుల్లో 2015లో తమిళ 'పాపనాశం'లో ఆయన వేసిన క్రూరమైన కానిస్టేబుల్ పెరుమాళ్ చాలామందికి ఇప్పటికీ గుర్తే.

దాదాపు రెండు వందల సినిమాలు చేశాడు. కేరళలో ఆటో స్టాండులోనో, కల్లు దుకాణంలోనో మణి గురించి అడిగితే ఈ సినిమాల్లో సగం పేర్లు రావు, పాటలొస్తాయి. నాడన్ పాట్టు, అంటే ఊరి పాట. పొలంలో నాట్లేసేటప్పుడు, ఏట్లో చేపలు పట్టేటప్పుడు పాడే బాణీలకు ఆయన క్యాసెట్లు కొత్త ప్రాణం పోశాయి. వీటిలో చాలావాటిని రాసింది అరుముఖన్ వెంకిటంగ్, 2023లో మరణించాడు. చేపల మార్కెట్టు, మండే మిరపకాయ, ఊరి ప్రేమలు, ఆటో బతుకు, పస్తులు ఇవీ ఆ పాటల్లోని సరుకు. ఇక్కడ ఎవడూ ఆయనకు పాత్ర ఇవ్వలేదు. ఎవర్ని ప్రేమించాలో, ఎక్కడ ఏడవాలో, ఎవర్ని వెక్కిరించాలో తనే తేల్చుకున్నాడు. సినిమా ఆయన దగ్గర్నుంచి ఏం తీసేసిందో అది పాటలో ఉంది. అందుకే గల్ఫ్ దాకా స్టేజీలమీద గంటల తరబడి నిలబడి పాడినా జనం కదిలేవాళ్లు కాదు. స్టారయ్యాక కూడా కొచ్చికి కాపురం మార్చకుండా చాలకుడిలోనే ఉండిపోయాడు. దీన్ని నిరాడంబరత అని మెచ్చుకుంటారు. మాకైతే, ఆయన తన నిజమైన ప్రేక్షకులు ఎక్కడున్నారో తెలిసి ఉన్నాడనిపిస్తుంది.

2016 మార్చి 6న మణి చనిపోయాడు, వయసు 45. మరణంమీద అనుమానాలు రేగాయి, కుటుంబం పోరాడింది, కేసు సి.బి.ఐ. దాకా వెళ్లింది. కాలేయ వ్యాధే కారణమని సి.బి.ఐ. 2019లో తేల్చింది. 2018లో వినయన్ ఆయన జీవితం ఆధారంగా 'చాలక్కుడిక్కారన్ చంగాతి' తీశాడు. ఇక అవార్డు సంగతి. మణి చనిపోయిన ఏడాది విడుదలైన 'కమ్మట్టిపాడం'లో గంగ పాత్రకు వినాయకన్ కేరళ ఉత్తమ నటుడయ్యాడు. కొచ్చి నగరం కట్టడానికి నేల పోగొట్టుకున్న దళితుల కథ అది, ఆ కథను ఒక దళిత నటుడు మోశాడు. మణి దగ్గర ఆగిపోయిన 'ఉత్తమ' అన్న మాట ఈసారి దాటింది. ఆ తర్వాత 2023లో 'జైలర్'తో తెలుగు ప్రేక్షకులు కూడా వినాయకన్‌ను పెద్ద ఎత్తున చూశారు. విలన్‌గానే.

రంగు సంగతి మణితో పోలేదు. ఆయన తమ్ముడు ఆర్.ఎల్.వి. రామకృష్ణన్ మోహినియాట్టం కళాకారుడు. 2024 మార్చిలో ఒక నర్తకి, పేరు చెప్పకుండానే, కాకిలాంటి రంగున్న మగవాడు మోహినియాట్టం ఆడడమేమిటని ఎగతాళి చేసింది. ఆ మాట ఎవరినుద్దేశించిందో కేరళకు అర్థమైంది, నిరసనలు లేచాయి, పోలీసు కేసు కూడా అయింది. మణికి తెరిచి ఉన్న తలుపు మిమిక్రీ ఒక్కటే. తమ్ముడు గురువులూ, శిక్షణా, గడపలూ ఉన్న శాస్త్రీయ నృత్యంలోకే నేరుగా నడిచాడు. 2025 జనవరిలో ఆయన కేరళ కళామండలంలో భరతనాట్యం అధ్యాపకుడిగా చేరాడు.