కోల బరువు కుదుర్చుకొనుట

గొడ్డలికి క్రొత్త కామ తొడిగించుకొన్నపుడు రైతు దానిని కాటాలో వేసి తూచడు. చేతబట్టి రెండుమారు లాడించి చూచును. తల ముందునకు లాగుచున్నదని తోచినచో వడ్రంగితో మాటలాడును. ఆ ఆడించి చూచుటలోని విద్యయే బల్లమీద బంతులను పొడుచు కోలకును వర్తించును. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

పెద్దలారా, కోహెడవంటి గ్రామములకు ఇది యేల యని మీరడుగవచ్చును. ఔటర్ రింగ్ రోడ్డు పడిన పిమ్మట నగరము మీ పొలిమేరకు వచ్చినది. చదువులకును ఉద్యోగములకును పోవు పిల్లలు సాయంకాలము పూల్ ఆడి వచ్చుట వింత కాదు. అట్టి పిల్లవాడొకడు, “నా క్యూ బరువు కుదరలేదు, క్రొత్తది కొనవలెను” అని డబ్బడిగినాడనుకొనుడు. కట్టెకు బరువేమిటని కసరుట సులభము. అడిగినంత చేతిలో పెట్టుటయు సులభమే. పిల్లవాడు చెప్పినది నిజమైన బాధయే కావచ్చును, కాని దానికి క్రొత్త కోల అక్కరలేకపోవచ్చును.

ఈ యాటల కుటుంబము మన దేశమునకు పరాయిది కాదు. స్నూకరను ఆట 1875లో జబల్పూరులోని ఆంగ్ల సైనికాధికారుల నడుమ పుట్టినది. కలకత్తాలో 1958లో జరిగిన పోటీలలో విల్సన్ జోన్స్ బిలియర్డ్సున ఔత్సాహిక జగజ్జేత యయ్యెను. మీకు పడమటి దిక్కున గుట్టమీద కనబడు ఫలక్‌నుమా ప్రాసాదమును నవాబు వికారుల్ ఉమ్రా 1884లో కట్టింప నారంభించెను. అందును బిలియర్డ్సు గది కలదు. నవాబుల గదిలోని యాట నేడు బజారునకు వచ్చినది, అంతే.

ఇక కోల సంగతి. పూల్ ఆడు కోలలు సాధారణముగా 18 మొదలు 21 ఔన్సుల వరకు తూగును. మధ్యరకము 19 ఔన్సులు, అనగా 540 గ్రాములకు ఒకటి రెండు తక్కువ. పాత తులముల లెక్కలో 46 తులములు, అరసేరు దాటి మరి ఆరు తులములు. స్నూకరు కోలలు ఇంతకంటె తేలిక. అంతర్జాతీయ పూల్ నిబంధనలు 25 ఔన్సులకు మించిన కోలను ఒప్పవు. తక్కువకు మాత్రము హద్దు పెట్టలేదు.

బరువు పెరిగినచో దెబ్బ బలమగునని పలువురి నమ్మకము. లెక్కవేసి చూచిన అది నిలువదు. బంతి బరువు 6 ఔన్సులకు మించదు. 19 ఔన్సుల కోలను 20 ఔన్సులు చేసి, మునుపటి వేగముతోనే పొడిచినను, బంతి వేగము నూటికి ఒకటి చిల్లర మాత్రమే హెచ్చును. బరువైన కోలను ఆ వేగమునకు తెచ్చుటకు చేయి మరికొంత శ్రమపడవలెను గనుక ఆ కొంచెమును మిగులకపోవచ్చును. మరి బరువు మార్చుటవలన మారునదేమి? చేతి లయ. ఆడువాని ముంజేయి మోచేతినుండి గడియారపు లోలకమువలె ఊగును. కోల మరీ తేలికయైనచో ఆ యూపు తొందరపడి కొన పక్కకు బెదరును. మరీ బరువైనచో, మెల్లగా త్రోయవలసిన బంతి గమ్యము దాటిపోవును. పిల్లవాని బాధ ఈ రెంటిలో ఏదియో మొదట అడిగి తెలిసికొనవలెను.

కోలలోపల బరువుండు చోటు పిడి చివర. అచ్చట రబ్బరు బొడిపె యొకటి యుండును. కొన్నింటికి అది మరతో బిగియును, కొన్నింటికి ఒత్తి పెట్టబడియుండును. దానిని తీసినచో లోన రంధ్రము, రంధ్రములో ఇనుప బోల్టు కనబడును. పొడుగైన స్క్రూడ్రైవరుతో గాని, ఆలెన్ కీతో గాని దానిని త్రిప్పి వెలుపలికి తీసి, మరియొక బరువు బోల్టు బిగింపవచ్చును. తీసినదానిని, పెట్టబోవుదానిని కిరాణా కొట్టులోని ఎలక్ట్రానిక్ కాటాలో తూచుట మంచిది, ఊహ పనికిరాదు. ఒక్కమారుగా అర ఔన్సుకు, అనగా 14 గ్రాములకు మించి మార్పరాదు. మార్చిన పిదప కొన్నాళ్లు ఆడి చూడవలెను. చేతికి పాత యలవాటు వదలనిదే క్రొత్తదాని గుణము తెలియదు. బోల్టు వదులుగా నున్నచో ప్రతి దెబ్బకును లోన గలగలమనును. అది వినబడినచో మరల విప్పి బిగింపవలసినదే.

ఇచ్చట మీకు బాగుగా తెలిసిన సంగతి యొకటి వచ్చును. బరువెంత యనుటతోపాటు బరువెక్కడ యనుటయు చూడవలెను. తూనికకోల మీద గుండును జరిపినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. 19 ఔన్సుల కోలను వ్రేలిమీద నిలిపినపుడు పిడి చివరనుండి 19 అంగుళముల చోట అది సమముగా నిలిచెననుకొందము. చివరనుండి 2 అంగుళముల లోపల ఒక ఔన్సు చేర్చినచో, ఆ చోటు 18 అంగుళములకు కొంచెము పైన పడును, అనగా ముప్పాతిక అంగుళమునకు కొంచెము మించి వెనుకకు జరుగును. ముందు చేతిమీద కోల తేలికపడును. కావుననే బరువు చేర్చినను “కొన తేలిపోవుచున్నది” అని కొందరు మొరపెట్టుకొందురు. వారు అబద్ధమాడుట లేదు. అట్టివారికి వెనుకటి బోల్టును తేలికచేయుటయే మందు, బరువు చేర్చుట కాదు. రెండు తునకలుగా విడదీయు కోలలు కొన్నింటిలో అతుకుచోట బరువు మార్చు వీలును కలదు. అది మధ్య నుండుటచే సమతూకమును అంతగా చెదరగొట్టదు.

ఆటశాలలలో గోడకు నిలిపియుంచు కోలలు పెక్కు ఏకఖండములు. వానిపై 18, 19, 20 అని అంకెలు వేసియుండుటయు కలదు. కోల కొనకముందు పిల్లవాడు ఆ యంకెలను చూచి ఒక్కొక్క బరువుతో కొన్నాళ్లాడినచో, తనకేది సరిపడునో దమ్మిడీ యధికము లేక తేలును.

సొంతకోల ఏకఖండమై, లోన బోల్టు లేనిదైనచో, పిడిని తొలిచి సీసము నింపుట పాత పద్ధతి. ఈ పని మన ఊరి వడ్రంగికి రాదని కాదు. కాని పిడి చేవ తరచు ఎబొనీ జాతి. మన తునికి చెట్టు నల్లచేవకు దాయాది. గట్టిది, పెళుసైనది. బరమా నడిమినుండి ఏమాత్రము తొలగినను పిడి నెఱ్ఱె విచ్చును. ఈ జాతి పని చేసినవానికే దానిని అప్పగింపవలెను. సీసము విషము గనుక ముట్టినవాడు సబ్బుతో చేతులు కడుగుకొని గాని అన్నము ముట్టరాదు. తొలిపించుటకు ముందు, పిడి చివర పలుచని సీసపు రేకును గుడ్డపట్టీతో చుట్టి కొన్నిదినములు ఆడి చూచినచో, ఆ బరువు చేతికి పొసగునో లేదో ముందే తేలిపోవును. పొసగనిచో పట్టీ విప్పివేయవచ్చును, కోలకు గాయముండదు.